జానెడు చోటు, పది మిల్లీసెకన్లు

కారు ఆగి ఉన్నప్పుడు డ్రైవరు సీట్లో కూర్చుని, తలుపు వేసుకుని, కుడి భుజానికీ తలుపుకూ మధ్య చెయ్యి దూర్చి చూస్తే సంగతి అర్థమవుతుంది. చిన్న కారైతే బెత్తెడు, కాస్త పెద్దదైతే జానెడు. అంతే చోటు. అదే ముందువైపు చూస్తే బంపరు నుంచి డ్రైవరు ఛాతీ దాకా రెండు మీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఎదురుగా దేన్నైనా గుద్దితే బానెట్, దాని కింది చట్రం నలుగుతూ అర మీటరుకు పైగా దూరాన్ని తామే మింగుతాయి. పక్కవైపు నలగడానికి ఏమీ లేదు. ఒక రేకు, దాని వెనక ఒక ఉక్కు కడ్డీ, అద్దం దిగే ఖాళీ, లోపలి ప్లాస్టిక్ పలక. ఆ తర్వాత మనిషి పక్కటెముకలే.

పక్క నుంచి జరిగే ప్రమాదాలలో ప్రాణం కాపాడే ఎయిర్‌బ్యాగు రూపకల్పన అంతా ఈ జానెడు చోటు చుట్టూ తిరిగే లెక్క. బ్యాగు ఎక్కడ దాచాలి, ఎప్పుడు పేలాలి, ఎంత గట్టిగా ఉండాలి, ఎంతసేపు ఉబ్బి ఉండాలి అన్న ప్రశ్నలన్నీ ఆ చోటులోంచి పుట్టినవే. కారు కొనేటప్పుడు మాత్రం ఈ లెక్క మొత్తం 'ఆరు ఎయిర్‌బ్యాగులు' అనే ఒక్క మాటలో మాయమైపోతుంది. ఆ ఆరు అంకె చెప్పే విషయం చాలా తక్కువ.

ముందుగా గుద్దుకోవడం ఎలా జరుగుతుందో చూడాలి. గంటకు 50 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు సుమారు 14 మీటర్లు. మిల్లీసెకనుకు, అంటే సెకనులో వెయ్యో వంతుకు, 1.4 సెంటీమీటర్లు. తలుపు మొదటి క్షణం నుంచీ ఆ వేగంతోనే లోపలికి వస్తే 15 సెంటీమీటర్ల ఖాళీ పదకొండు మిల్లీసెకన్లలో అయిపోతుంది. బయటి రేకూ లోపలి కడ్డీ కొంత అడ్డుపడతాయి కాబట్టి నిజంగా తలుపు ఒంటిని తాకేసరికి సుమారు 20 నుంచి 30 మిల్లీసెకన్లు పడుతుంది. మనిషి కన్ను ఒకసారి ఆర్పడానికి వంద మిల్లీసెకన్లకు పైనే కావాలి. రెప్ప సగం కూడా పడకముందే తలుపు వచ్చి తగులుతుందన్నమాట.

ఎదురు ప్రమాదానికీ పక్క ప్రమాదానికీ అసలు తేడా చోటు ఒక్కటే కాదు. ఎదురుగా గుద్దినప్పుడు మనిషికి అప్పటికే ఉన్న వేగాన్ని నెమ్మదిగా తగ్గించాలి. సీటు బెల్టు ఆ పని చేస్తుంది, ఎయిర్‌బ్యాగు దానికి తోడవుతుంది. పక్క నుంచి గుద్దినప్పుడు సమస్య తిరగబడుతుంది. ఆ దిశలో మనిషికి వేగమే లేదు. దూసుకొచ్చే తలుపు ఒక్కసారిగా వేగాన్ని అంటగడుతుంది. దెబ్బ తగిలే వైపు కూర్చున్న మనిషికి బెల్టు ఇక్కడ చేయగలిగింది కొంచెమే. ఇక మిగిలిన దారి ఒకటే. తలుపు వచ్చేలోగా మనిషిని ముందుగానే, మెత్తగా, అదే దిశలో కదిలించడం.

కదులుతున్న బస్సు ఎక్కడం అలవాటైన వాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. నిలబడ్డ చోటు నుంచే కమ్మీ పట్టుకుంటే భుజం ఊడినంత పనవుతుంది. బస్సుతో పాటు నాలుగడుగులు పరిగెత్తి పట్టుకుంటే ఆ కుదుపు ఉండదు. పక్క ఎయిర్‌బ్యాగు మనిషి చేత ఆ నాలుగడుగులు వేయిస్తుంది. దాన్ని దిండు అనుకోవడం సగమే నిజం. తలుపు ఇంకా దూరంగా ఉండగానే ఒంటిని తోయడం మొదలుపెట్టి, తలుపు తగిలే సమయానికి రెండింటి వేగాల మధ్య తేడాను తగ్గించడం దాని అసలు పని.

అయితే అది ఉబ్బడానికి ముందు ఎవరో ఒకరు నిర్ణయం తీసుకోవాలి. ఎదురు ప్రమాదంలో కంప్యూటరుకు పదిహేను, ఇరవై మిల్లీసెకన్ల వరకు వ్యవధి దొరకవచ్చు. ఇక్కడ సుమారు అయిదు మిల్లీసెకన్లలో తేల్చుకోవాలి. మిగతా పదిలోపు గ్యాసు పుట్టి సంచి నిండాలి. ముప్పై సెంటీమీటర్ల సంచి ఎనిమిది మిల్లీసెకన్లలో విప్పుకోవాలంటే దాని అంచు గంటకు 130 కిలోమీటర్లకు మించిన వేగంతో రావాలి. అంత వేగంతో బయటికొచ్చే వస్తువు తప్పుడు సమయంలో వస్తే అదే ఒక ప్రమాదం.

అందుకే సెన్సరు విషయంలో ఇంజనీర్లు చాలా తర్జనభర్జన పడ్డారు. ఎలక్ట్రానిక్ సెన్సర్లు వచ్చిన కొత్తలో ముందు తలుపుకూ వెనక తలుపుకూ మధ్య ఉండే ఉక్కు స్తంభం అడుగున కుదుపును కొలిచే సెన్సరు పెట్టారు. ఆ స్తంభాన్ని బి-పిల్లర్ అంటారు. కుదుపు అక్కడిదాకా వస్తేనే ఆ సెన్సరుకు తెలుస్తుంది. ఇంకో కారు వెడల్పాటి ముక్కుతో వచ్చి గుద్దితే స్తంభానికి కబురు త్వరగానే అందుతుంది. కానీ కారు పక్కకు జారి కరెంటు స్తంభాన్నో చెట్టునో తలుపు నడిమధ్యలో తగిలితే? సన్నటి మాను తలుపును చీల్చుకుని లోపలికి వచ్చేస్తుంది, బి-పిల్లర్‌కు కబురు ఆలస్యంగా చేరుతుంది.

దీనికి దొరికిన పరిష్కారం చాలా ముచ్చటైనది. తలుపు లోపల ఎలాగూ ఖాళీ ఉంది. అది దాదాపు మూసిన డబ్బా లాంటిది. బయటి రేకు లోపలికి నొక్కుకుంటే ఆ డబ్బాలోని గాలి బిగుసుకుంటుంది. ఆ ఒత్తిడి పెరుగుదల తలుపంతా ధ్వని వేగంతో పాకుతుంది. ఒక మీటరు దూరానికి మూడు మిల్లీసెకన్లు చాలు. తలుపులో ఎక్కడ తగిలినా, కారు తగిలినా, చెట్టు తగిలినా గాలి మాత్రం చెబుతుంది. అందుకని చాలా కార్లలో ఇప్పుడు ముందు తలుపుల లోపల గాలి ఒత్తిడిని కొలిచే చిన్న సెన్సరు ఉంటుంది. తలుపును గట్టిగా విసిరి వేసినా లోపల ఒత్తిడి మారుతుంది కదా అనే అనుమానం రావచ్చు. మారుతుంది. కానీ ఆ మార్పు చిన్నది, పెరిగే తీరు వేరు. పైగా ఒక్క సెన్సరు మాట మీద బ్యాగు పేలదు. కారు మధ్యలోనో స్తంభంలోనో ఉన్న కుదుపు సెన్సరు కూడా అవునంటేనే కంప్యూటరు మీట నొక్కుతుంది. తలుపు విసరడం, బంతి తగలడం, సైకిలు వచ్చి గుద్దడం లాంటివన్నీ ప్రయోగశాలలో చేసి చూసి, వాటికి బ్యాగు పేలకుండా సరిచేస్తారు. మన రోడ్లకైతే ఆ జాబితాలో గేదెను కూడా చేర్చాలి.

ఇక్కడే ఒక చిన్న మెలిక ఉంది. సెన్సరు చదివేది డబ్బాలోని గాలిని కాబట్టి డబ్బా మూసి ఉండాలి. కొత్త కారు తీసుకున్న వారంలోపే తలుపు పలక విప్పించి, పెద్ద స్పీకరు పట్టడానికి రంధ్రం వెడల్పు చేయించడం, లోపల నీరు రాకుండా అంటించిన పొరను చించేయడం మామూలైపోయింది. కార్ల కంపెనీలు ఇచ్చే పుస్తకాల్లో ఇలా చేయవద్దన్న హెచ్చరిక కనిపిస్తుంది. పాట బాగా వినిపించడానికి చేసిన ఆ రంధ్రం తలుపు చెవిని మొద్దుబార్చవచ్చు.

బ్యాగును ఎక్కడ దాచాలన్నది తర్వాతి ప్రశ్న. మార్కెట్లోకి వచ్చిన కార్లలో పక్క ఎయిర్‌బ్యాగును మొదట తెచ్చింది స్వీడన్‌కు చెందిన వోల్వో. 1994లో, తన 850 మోడలుకు. అప్పటికి మూడేళ్ల ముందే ఆ కారులో పక్క దెబ్బ బలాన్ని నేల, పైకప్పు, సీట్ల అడుగు భాగాలకు పంచే నిర్మాణం ఉంది. దాని మీద కట్టిన తర్వాతి అంతస్తు ఈ బ్యాగు. అది సీటు వీపు అంచున, తలుపు వైపు ఉండేది. దాని ట్రిగ్గరుకు కరెంటు కూడా అక్కర్లేదు. దెబ్బ తగిలితే సీటు పక్కనున్న యాంత్రిక సెన్సరే నిప్పు రాజేసేది. మరికొందరు తయారీదారులు బ్యాగును తలుపు పలకలో పెట్టారు. తలుపులో చోటు ఎక్కువ, పెద్ద సంచి పడుతుంది. కానీ పొట్టివాళ్లు సీటు ముందుకు లాక్కుంటారు, పొడుగువాళ్లు వెనక్కి జరుపుకుంటారు. తలుపు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. సీటులో ఉన్న బ్యాగు మనిషితో పాటే జరుగుతుంది. చిన్న సంచితోనే పక్కటెముకలకు సరిగ్గా ఎదురుగా రాగలదు. ఇప్పుడు ఎక్కువ కార్లలో సీటు పద్ధతే నిలబడింది. ఈ ఎంపిక ఎంత సహజమైనదో అంత ఇబ్బందినీ వెంట తెచ్చింది. ఆ సంగతి చివర్లో.

సీటులోంచి వచ్చే సంచి ముందు బ్యాగుతో పోలిస్తే చాలా చిన్నది. స్టీరింగులోని బ్యాగు యాభై, అరవై లీటర్లదైతే ఇది పది నుంచి ఇరవై లీటర్ల మధ్య ఉంటుంది. చిన్నదైనా దాని లోపలి నిర్మాణం పెద్ద కథ. మనిషి పక్క భాగం అంతా ఒకే గట్టిదనంతో ఉండదు. తుంటి ఎముక బలమైనది, పక్కటెముకలు సున్నితమైనవి, వాటి కింద కాలేయం, ప్లీహం ఇంకా సున్నితం. ఐరాస యూరప్ ఆర్థిక సంఘం 95వ నిబంధన చెప్పే పరీక్షలో డమ్మీ (కారులో కూర్చోబెట్టే మనిషి ఆకారపు బొమ్మ) పక్కటెముక 42 మిల్లీమీటర్లకు మించి లోపలికి నొక్కుకోకూడదు. తుంటి దగ్గర మాత్రం 6 కిలోన్యూటన్ల బలం వరకు అనుమతి ఉంది. అంటే దాదాపు 600 కిలోల బరువు మోపినంత. ఎముకల మధ్య ఉన్న ఈ తేడానే రూపకర్తలు వాడుకున్నారు. సంచిని కుట్టుతో రెండు గదులుగా విడదీశారు. కింది గదిలో, తుంటికి ఎదురుగా, ఎక్కువ ఒత్తిడి. పై గదిలో, పక్కటెముకలకు ఎదురుగా, తక్కువ ఒత్తిడి. గట్టి కింది గది తుంటిని ముందుగా తోస్తే, నడుము పైభాగం దాని వెంట లోపలికి జరుగుతుంది. పక్కటెముకల మీద పడాల్సిన భారంలో కొంత తుంటి మోస్తుంది. ఇంట్లో బలమున్నవాడి మీద బరువు ఎక్కువ పెట్టినట్టే. పై గదికి పెట్టిన రంధ్రం గుండా గ్యాసు బయటికి పోతూ ఉంటుంది. లేకపోతే సంచి బంతిలా గట్టిపడి మనిషిని ఎగరగొడుతుంది. మొత్తం పని సెకనులో పదో వంతులో ముగిసిపోతుంది.

ఛాతీని కాపాడితే చాలు అనుకున్న తొలి రోజుల్లో తల మిగిలిపోయింది. నిజానికి పక్క ప్రమాదాల్లో ప్రాణం తీసేది ఎక్కువగా తల దెబ్బే. కిటికీ అద్దం మొదటి క్షణంలోనే పొడి అవుతుంది. ఆ తర్వాత తల వెళ్లి తగిలేది గుద్దిన వాహనం బానెట్‌కో, చెట్టుకో, కారు పైకప్పు అంచుకో. 1997లో బీఎండబ్ల్యూ దీనికి ఒక గొట్టాన్ని తెచ్చింది. ముందు అద్దం స్తంభం నుంచి వెనక్కి, కిటికీకి అడ్డంగా, ఉబ్బగానే బిగుసుకుని నిలబడే గొట్టం. అమెరికాలోని సిమ్యులా అనే సంస్థ తయారుచేసిన ఆలోచన అది. ఉబ్బితే పొట్టిదై బిగుసుకోవడం దాని కిటుకు. ఆ మరుసటి ఏడాది వోల్వో తన ఎస్80 కారులో పైకప్పు అంచు నుంచి కిందికి జారే తెరను పెట్టింది. ముందు సీటుకూ వెనక సీటుకూ ఒకే తెర. గొట్టం ముందు సీటు తలను మాత్రమే కాసేది, తెర వెనకవాళ్లనూ కాస్తుంది. లోకం తెరనే ఎంచుకుంది. కర్టెన్ ఎయిర్‌బ్యాగు అన్న పేరు అలా స్థిరపడింది.

ఈ తెరను తయారుచేసే పద్ధతి నేత తెలిసినవాళ్లకు ఆసక్తి కలిగిస్తుంది. రెండు గుడ్డలు కోసి అంచులు కుడితే కుట్టు రంధ్రాల్లోంచి గ్యాసు కారిపోతుంది. అందుకని చాలా తెరలను కుట్టు లేకుండా, ఒకే మగ్గం మీద రెండు పొరలుగా ఒకేసారి నేస్తారు. గాలి నిండాల్సిన చోట రెండు పొరలు విడివిడిగా ఉంటాయి. ఆగాల్సిన చోట పడుగూ పేకా కలిసిపోయి ఒకే గుడ్డ అవుతాయి. ఏ దారం ఎప్పుడు లేవాలో నడిపేది జకార్డు యంత్రం. ధర్మవరం చీర అంచులో పువ్వు తీసే సూత్రం, కారు కిటికీ తెరలో గాలి గదులు తీసే సూత్రం ఒకటే. తర్వాత ఆ నైలాన్ లేదా పాలిస్టరు గుడ్డకు సిలికాన్ పూత పూస్తారు, గ్యాసు పోకుండా.

అంత జాగ్రత్త ఎందుకంటే తెర ఎక్కువసేపు నిలవాలి. పక్క దెబ్బ తిన్న కారు కొన్నిసార్లు బోల్తా పడుతుంది, ఒక్క పల్టీతో ఆగకపోవచ్చు. ఛాతీ సంచిలా క్షణంలో చల్లారిపోతే రెండో పల్టీలో తల అద్దం లేని కిటికీలోంచి బయటికి వస్తుంది. అందుకే తెర అయిదారు సెకన్లు ఉబ్బి ఉండాలి. మామూలు బ్యాగులో రసాయనం మండి వేడి గ్యాసు పుడుతుంది. వేడి గ్యాసు చల్లారితే కుంచించుకుపోతుంది, ఒత్తిడి పడిపోతుంది. తెరలో ఆ బాధ లేకుండా, ఉక్కు గొట్టంలో తీవ్రమైన ఒత్తిడితో నింపిన హీలియం, ఆర్గాన్ లాంటి గ్యాసులు ఎక్కువగా వాడతారు. చిన్న మందు ముక్క గొట్టం మూత పగలగొడుతుంది, చల్లటి గ్యాసు పరుగెత్తుకొస్తుంది. ఈ గ్యాసులకు చల్లారడం అనే సమస్య తక్కువ.

ఇంత శక్తి ఉన్న వస్తువు దగ్గర పిల్లలు నిద్రపోతే ఏమవుతుంది? అమెరికాలో ముందు ఎయిర్‌బ్యాగుల వల్ల చిన్నపిల్లలు చనిపోయిన అనుభవం 1990ల్లో అందరినీ భయపెట్టింది. పక్క బ్యాగులకు అదే గతి పట్టకూడదని అక్కడి పరిశ్రమ, బీమా సంస్థలు కలిసి 2000లో స్వచ్ఛంద పరీక్షా పద్ధతులు తయారుచేశాయి. మూడేళ్ల, ఆరేళ్ల పిల్లల డమ్మీలను తలుపుకు ఆనించి, సీటు అంచుకు తల ఆనించి, వెనక్కి తిరిగి మోకాళ్ల మీద కూర్చోబెట్టి బ్యాగు పేల్చి చూడటం వాటిలో భాగం. ఆ పరీక్షల వల్ల సంచి ఆకారం, విప్పుకునే దారి మారాయి. తెర పైనుంచి కిందికి, అద్దానికీ తలకూ మధ్య జారుతుంది కనుక దాని ప్రమాదం మరీ తక్కువ. కిటికీ పైనున్న కొక్కేనికి గట్టి హ్యాంగరు తగిలిస్తే మాత్రం తెరతో పాటు అదీ తల వైపు దూసుకురావచ్చు. మన ఊరి ప్రయాణాల్లో పట్టు చీరలూ చొక్కాలూ నలగకుండా హ్యాంగరుకు వేలాడదీసేది సరిగ్గా అక్కడే.

బ్యాగు ఎంత బాగున్నా, ఏ పరీక్షకు కట్టారో ఆ పరీక్షకే సరిపోతుంది. మన దేశంలో ఏఐఎస్-099 ప్రమాణం ప్రకారం పక్క దెబ్బ పరీక్ష కొత్త మోడళ్లకు 2017 అక్టోబరు 1 నుంచి, మిగతా వాటికి 2019 అక్టోబరు 1 నుంచి తప్పనిసరి. 950 కిలోల అడ్డుబండిని గంటకు 50 కిలోమీటర్ల వేగంతో తలుపుకు లంబంగా కొడతారు. అది యూరప్ ప్రమాణాన్ని అనుసరించిన పరీక్ష. 950 కిలోలంటే ఒకప్పటి చిన్న కారు బరువు. ఇవాళ పక్క వీధిలోంచి వచ్చి గుద్దేది టన్నున్నర, రెండు టన్నుల ఎస్‌యూవీ. దాని ముక్కు తలుపు నడుం దగ్గర కాదు, కిటికీ అంచు దగ్గర తగులుతుంది. ఈ తేడాను అమెరికాలోని హైవే భద్రతా బీమా సంస్థ ముందుగా గుర్తించింది. 2003లో అది 1,500 కిలోల, ఎస్‌యూవీ ముక్కు ఆకారపు బండితో పరీక్ష మొదలుపెట్టింది. పొట్టి స్త్రీ ఒడ్డూపొడుగున్న డమ్మీలను ముందూ వెనకా కూర్చోబెట్టింది. 2021లో బండి బరువును 1,900 కిలోలకు, వేగాన్ని గంటకు 60 కిలోమీటర్లకు పెంచింది. తగిలే శక్తి 82 శాతం పెరిగింది. పాత పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్న కార్లు కొన్ని కొత్తదానిలో తేలిపోయాయి.

ఏఐఎస్-099 పరీక్షను ఒక్క పక్క ఎయిర్‌బ్యాగు కూడా లేకుండా గెలవవచ్చు. మన దేశంలో రెండే బ్యాగులతో అమ్మిన కార్లు ఎన్నో అలా గెలిచినవే. తల సంగతి తేల్చి చెప్పేది స్తంభం పరీక్ష. కారును పక్కకు జార్చి, 254 మిల్లీమీటర్ల మందమున్న ఉక్కు స్తంభానికి డ్రైవరు తల ఎదురుగా వచ్చేలా కొడతారు. తెర లేకపోతే డమ్మీ తల నేరుగా ఇనుముకు తగులుతుంది; దాన్ని ఏ రేకూ దాచలేదు. అమెరికా 2007లో ఇలాంటి పరీక్షను, గంటకు 32 కిలోమీటర్ల వేగంతో ఏటవాలుగా, చట్టంలో చేర్చింది. తలకు బ్యాగు పెట్టాలని చట్టం అనలేదు. పెట్టకుండా ఆ పరీక్ష దాటడం అసాధ్యం కాబట్టి అందరూ పెట్టారు. చట్టం రాయడంలో ఇది మెచ్చుకోదగ్గ పద్ధతి.

ఫలితం లెక్కల్లో కనిపించింది. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ 2014లో వెలువరించిన విశ్లేషణ ప్రకారం, దెబ్బ తగిలిన వైపు కూర్చున్నవారి మరణాలను ఛాతీ సంచి ఒక్కటే ఉంటే సుమారు 8 శాతం, తెర ఒక్కటే ఉంటే 16 శాతం, రెండూ ఉంటే 31 శాతం తగ్గించాయి. ఎనిమిదీ పదహారూ కలిస్తే ఇరవై నాలుగే కావాలి. కానీ ముప్పై ఒకటి వచ్చింది. తుంటినీ ఛాతీనీ ముందుగా లోపలికి జరిపితే తల కూడా తెర మీద కుదురుగా వాలుతుందన్నది దీనికి ఒక సబబైన వివరణ.

మన దగ్గర కథ వేరే దారిలో నడిచింది. కేంద్ర రవాణా శాఖ 2022 జనవరి 14న ఒక ముసాయిదా తెచ్చింది. ఆ ఏడాది అక్టోబరు నుంచి తయారయ్యే ప్రయాణికుల కార్లకు ముందు సీట్ల వాళ్ల కోసం రెండు ఛాతీ బ్యాగులు, అంచు సీట్ల వాళ్లందరికీ రెండు పక్క తెరలు ఉండాలన్నది దాని సారం. అప్పటికే తప్పనిసరైన ముందు రెండు బ్యాగులతో కలిపి ఆరు. అమలు 2023 అక్టోబరుకు వాయిదా పడింది. ఆ గడువుకు కొద్దిరోజుల ముందు, సెప్టెంబరులో, తప్పనిసరి చేయబోవడం లేదని మంత్రి నితిన్ గడ్కరీ ప్రకటించారు. దాని బదులు 2023 అక్టోబరు 1న కార్ల భద్రతను పరీక్షించి నక్షత్రాలిచ్చే భారత్ ఎన్‌క్యాప్ పద్ధతి మొదలైంది. అందులో మూడు నక్షత్రాలు, ఆపైన కావాలంటే స్తంభం పరీక్షలో తలకు రక్షణ చూపించాలి. అదే నెలలో హ్యుందాయ్ తన మోడళ్లన్నిటికీ ఆరు బ్యాగులు ఇస్తున్నట్టు ప్రకటించింది. తర్వాత మిగతావారూ అదే బాట పట్టారు. నిబంధన పోయినా అంకె మాత్రం మార్కెట్లో నిలిచింది.

ఆ అంకె దాచే సంగతులు కొన్ని ఉన్నాయి. ఆరు బ్యాగుల కారులో ఛాతీ సంచులు ముందు సీట్లకే. వెనక కూర్చున్నవారికి పక్కన ఉన్నది తెర మాత్రమే. అది తలను కాస్తుంది, పక్కటెముకలను కాయదు. మన ఇళ్లల్లో అమ్మమ్మలూ తాతయ్యలూ పిల్లలూ కూర్చునేది వెనకే. మూడో వరుస ఉన్న కార్లలో తెర ఆ వరుస దాకా వస్తుందా రాదా అన్నది విడిగా అడిగి తెలుసుకోవాల్సిన విషయం. ఛాతీ సంచి తుంటి దాకా ఉందా, రెండు గదులదా అన్నది ప్రకటనల్లో కనిపించదు. బి-పిల్లర్ ఏ ఉక్కుతో చేశారో అసలే కనిపించదు. ఎర్రగా కాల్చి అచ్చులో నొక్కి చల్లార్చిన బోరాన్ ఉక్కు మామూలు రేకుకు దాదాపు అయిదు రెట్లు బలమైనది. స్తంభం కుప్పకూలితే బ్యాగుకు ఉబ్బడానికి చోటే మిగలదు. జానెడు చోటును ముందుగా కాపాడాల్సింది ఉక్కు. సంచి పని ఆ మిగిలిన చోటులోనే.

రెండో వైపు కూర్చున్న మనిషి సంగతి ఇంజనీర్లకు ఆలస్యంగా తట్టింది. కుడివైపు దెబ్బ తగిలితే ఎడమవైపు మనిషి బెల్టులోంచి భుజం జారి కుడికి వాలతాడు, ఇద్దరి తలలూ ఢీకొంటాయి. డ్రైవరు సీటు లోపలి అంచు నుంచి వచ్చే మధ్య బ్యాగును జనరల్ మోటార్స్ 2013 మోడళ్లలో తెచ్చింది. యూరప్‌లో అలాగే నక్షత్రాలిచ్చే యూరో ఎన్‌క్యాప్ 2020 నుంచి ఆ దెబ్బకూ మార్కులు ఇస్తోంది. మన ఆరింటిలో అది లేదు.

ఇప్పుడు సీటు సంగతి. ముందు సీటు వీపుకు తలుపు వైపు అంచున, నడుముకు కాస్త పైన, గోరంత గుడ్డ పట్టీ ఒకటి కుట్టి ఉంటుంది. దాని మీద ఎయిర్‌బ్యాగ్ అన్న ఆంగ్ల అక్షరాలు. ఆ పక్కనే సీటు గుడ్డలో నిలువుగా ఒక కుట్టు. చూడటానికి మిగతా కుట్లలాగే ఉంటుంది కానీ దాని దారం కావాలనే బలహీనమైనది. బ్యాగు లోపలినుంచి తన్నగానే రెండు మూడు మిల్లీసెకన్లలో అది పిగిలిపోవాలి. కొన్ని సీట్లలో తన్ను నేరుగా ఆ కుట్టుకే తగిలేలా లోపల బలమైన గుడ్డ దారి కూడా కడతారు. కంపెనీ ప్రయోగశాలలో చలిలో, ఎండలో, సీటు పాతబడినట్టు అరగదీసి కూడా ఆ కుట్టు సమయానికి తెగుతుందో లేదో చూస్తారు.

ఆ తర్వాత కారు షోరూము నుంచి బయటికి వచ్చి సీటు కవర్ల దుకాణం ముందు ఆగుతుంది. అక్కడి దర్జీకి తెలిసిన మంచితనం ఒకటే, కుట్టు పిగలకపోవడం. మందపాటి రెక్సిన్, దాని వెనక స్పాంజి, రెండు వరుసల నైలాన్ దారం. ఆ పనితనంలో లోపం లేదు. పది మిల్లీసెకన్లలో రావాల్సిన సంచి ఆ రెక్సిన్ కింద గింజుకుని, ఆలస్యంగా వస్తుంది, లేదా దారి తప్పి వీపు వెనక్కి ఉబ్బుతుంది, లేదా రానే రాదు. ఎయిర్‌బ్యాగు సీట్ల కోసం ప్రత్యేకంగా కుట్టే కవర్లు ఉన్నాయి. వాటి పక్క అంచు తెరిచి ఉంటుంది, లేదా అక్కడ సులువుగా తెగే దారం వేస్తారు. తెలిసిన దుకాణదారు అడక్కుండానే అవి చూపిస్తాడు. కొనేవాడు వేళ్లు పెట్టి తడిమి చూస్తాడు, ఆ చీలిక తగులుతుంది. ఇదేమిటి ఇక్కడ ఊడిపోయింది, అంటాడు. అది అలాగే ఉండాలి సార్, అంటాడు దుకాణదారు. వద్దు, చూడటానికి బాగాలేదు, అది కూడా కుట్టేయండి.